గురిచూచుట నేర్చిన యంత్రములు

యుద్ధము వచ్చినప్పుడెల్ల గణితశాస్త్రజ్ఞునకు పని తగులుట క్రొత్త సంగతి కాదు. సిరక్యూజు పట్టణమును రోమనుల నుండి కాపాడుటకు ఆర్కిమిడీసు యంత్రములు కట్టెనని ప్రాచీన చరిత్రకారులు వ్రాసిరి. విసరిన వస్తువు పరావలయ మార్గమున పోవునని నిరూపించిన గెలీలియో, 1638లో వెలువడిన తన గ్రంథమున ఫిరంగి గుండు ఎంత దూరము పోవునో తెలుపు పట్టికలను కూడ చేర్చెను. ఆ పట్టికలు గాని, ఆ యంత్రములు గాని అనుభవము వలన మారునవి కావు. చేసినవాడు ఎట్లు చేసెనో అట్లే పనిచేయును.

20వ శతాబ్ది నడిమి కాలమున మరియొక జాతి యంత్రము పుట్టినది. దీనికి ఇంజనీరు సూత్రము చెప్పడు, ఉదాహరణములు చూపును. చూచిన ఉదాహరణముల నుండి సూత్రమును యంత్రమే కూర్చుకొనును. తపాలా చీటీపైని అంకెలను చదువు యంత్రము, మాటను అక్షరములుగా మార్చు యంత్రము, రోగి ఛాయాచిత్రములో వ్యాధిని గుర్తించు యంత్రము ఈ జాతిలోనివే. నేడు ఇవి ఇంటింట ఉన్నవి. కాని వీని బాల్యము చాలవరకు రక్షణశాఖల పోషణలో గడచినది. ఆ శాఖల కొరకు వీనిని నిర్మించిన ఇంజనీర్లకు తొలినాళ్ల నుండి రెండు ప్రశ్నలు ఎదురగుచునే ఉన్నవి. గడచినదానిని చూచి నేర్చిన యంత్రము రాబోవుదానికి పనికివచ్చునా? అది తప్పు చేసినచో బాధ్యత ఎవరిది?

ఇరువది సెకనుల ముందుచూపు

1940లో జర్మను విమానములు లండను నగరముపై బాంబులు కురిపించుచుండగా, నేల నుండి ఫిరంగులు ప్రేలుచుండెను గాని గురి కుదురుట అరుదుగా ఉండెను. ఒక్క విమానమును కూల్చుటకు తొలుత సుమారు 20,000 గుండ్లు ఖర్చయినట్లు ఆ నాటి బ్రిటిషు లెక్కలు చెప్పుచున్నవి. కారణము సులభముగనే తెలియును. సెకనుకు 100 మీటర్ల వేగముతో పోవు విమానమును గుండు చేరుటకు 20 సెకనులు పట్టినదనుకొందము. ఈలోగా విమానము 2 కిలోమీటర్లు ముందునకు పోవును. కనుక ఫిరంగిని గురిపెట్టవలసినది విమానము ఉన్న చోటికి కాదు, ఉండబోవు చోటికి. విమానము తిన్నగా పోయినచో లెక్క తేలికయే. కాని ప్రాణభయము గల పైలట్ తిన్నగా పోడు, వంకరలు తిరుగును.

ఈ సమస్యను మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో గణితాచార్యుడైన నార్బర్ట్ వీనర్ చేపట్టెను. జూలియన్ బిగెలో అను ఇంజనీరు ఆయనకు తోడయ్యెను. 1940 చివర మొదలైన ఈ పనికి అమెరికా ప్రభుత్వపు జాతీయ రక్షణ పరిశోధన సంఘము డబ్బిచ్చెను. వీనర్ ఆలోచన ఇది: పైలట్ ఎంత తప్పించుకొన జూచినను, అతని చేతికి, అతని విమానమునకు కొన్ని అలవాట్లు ఉండును. ఇంతవరకు నడచిన దారిని సంఖ్యాశాస్త్ర పద్ధతిని పరిశీలించినచో, ఇకమీద నడువబోవు దారిని సంభావ్యతతో చెప్పవచ్చును. సోవియట్ గణితజ్ఞుడు కొల్మొగొరోవ్ కూడ ఇట్టి సిద్ధాంతమునే వేరుగా 1941లో ప్రకటించెను.

నిజమైన శత్రువిమానపు దారులు ప్రయోగశాలకు దొరకవు. అందుచేత వారు గోడపై ఒక కాంతి బిందువును పరుగెత్తించిరి. ఒక మనిషి మొండికేయునట్టి పిడిని త్రిప్పుచు రెండవ బిందువుతో దానిని వెంబడింపవలెను. ఆ మనిషి చేతి కదలికలనే పైలట్ కదలికలుగా తీసికొని యంత్రము ముందుచూపు చెప్పెను. ఒక సెకను ముందుచూపులో ఆ యంత్రము చూపిన నేర్పు పరీక్షకు వచ్చినవారిని విస్మయపరచెను. అయితే ఫిరంగికి కావలసినది ఒక సెకను కాదు, ఇరువది సెకనులు. పైగా ఒక మనిషి కదలికల నుండి నేర్చినది ఆ మనిషికి సరిపోయినంతగా మరియొకనికి సరిపోలేదు.

1942లో వీనర్ తన సిద్ధాంతమును ఒక రహస్య నివేదికగా వ్రాసెను. దాని పసుపుపచ్చని అట్టను, లోపలి కఠిన గణితమును చూచి ఇంజనీర్లు దానికి ‘పసుపు భూతము’ వంటి హాస్యపు పేరు పెట్టుకొనిరి. ఆ సంవత్సరాంతమున, నమోదైన నిజమైన విమాన మార్గములపై వీనర్ పద్ధతిని, బెల్ ప్రయోగశాలలలోని హెండ్రిక్ బోడే రూపొందించిన సరళమైన పద్ధతితో పోల్చి చూచిరి. లాభము అత్యల్పముగా తేలెను. పని ఆగిపోయెను. 1944లో లండనుపైకి వచ్చిన వి-1 ఎగిరే బాంబులను కూల్చినవి రాడారు, బెల్ వారి సరళమైన గణనయంత్రము, లక్ష్యమునకు చేరువ కాగానే తనంతట ప్రేలు గుండు, ఈ మూడును కలిసిన ఏర్పాటు. వి-1లో పైలట్ లేడు. అది తిన్నగా పోవును. తిన్నగా పోవుదానికి తిన్నని లెక్కయే చాలినది.

వీనర్ శ్రమ వ్యర్థము కాలేదు. పరిశీలనలోని పొరపాట్ల నడుమ నుండి అసలు సంకేతమును వడకట్టు ఆయన గణితము తరువాత ఇంజనీరింగు అంతటను వ్యాపించినది. తప్పును గుర్తించి తప్పును సవరించుకొను ఏర్పాటు జంతువునందును యంత్రమునందును ఒకటేనను భావము నుండి 1948లో ఆయన ‘సైబర్నెటిక్స్’ అను గ్రంథము వెలువడెను. 1955–56లో ఆయన కలకత్తాలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో కొన్ని నెలలు గడపెను.

అయితే అంతకుముందే ఆయన మరియొక పని చేసెను. క్షిపణులపై పనిచేయుచున్న ఒక విమాన సంస్థ శాస్త్రజ్ఞుడు ఆ యుద్ధకాలపు నివేదిక ప్రతిని కోరగా వీనర్ నిరాకరించెను. ఆ జాబు 1947 జనవరిలో ‘అట్లాంటిక్’ మాసపత్రికలో అచ్చయినది. బాధ్యతలేని సైనికాధికారుల చేతిలో హాని చేయగల పనిని ఇకమీద ప్రకటింపనని దాని సారాంశము. యుద్ధము జరుగుచున్నప్పుడు పనిచేసిన మనిషి, యుద్ధము ముగిసిన పిమ్మట ఆ పని ఎవరి చేతికి పోవునని అడిగెను.

కార్డు కుడి యెడమలు

నేర్చుకొను యంత్రమును అక్షరాల నిర్మించి చూపినవాడు ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్. ఈయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. బఫెలోలోని కార్నెల్ వైమానిక ప్రయోగశాలలో పనిచేయుచుండెను. డబ్బిచ్చినది అమెరికా నౌకాదళపు పరిశోధన కార్యాలయము. 1958 జులైలో ఐ.బి.ఎం. 704 గణనయంత్రముపై ఒక ప్రదర్శన జరిగినది. కొన్ని కార్డులకు ఎడమవైపున, కొన్నిటికి కుడివైపున గుర్తులుండెను. ఏది ఎటువైపుదో ఎవరును సూత్రము చెప్పలేదు. సుమారు 50 ప్రయత్నముల తరువాత యంత్రము తానే వేరుపరచగలిగెను. దీనికి ‘పర్సెప్ట్రాన్’ అని పేరు.

తరువాత కట్టిన ‘మార్క్ 1’ యంత్రమును 1960లో ప్రజలకు చూపిరి. దాని కన్ను 20 వరుసలు, వరుసకు 20 చొప్పున అమర్చిన 400 కాంతి ఘటములు. వాని నుండి తీగలు 512 మధ్య ఘటకములకు, అచట నుండి 8 ఫలిత ఘటకములకు పోవును. మధ్య ఘటకముల మాటలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క బరువు. ఊరి పంచాయతిలో పెద్దల మాటలకు వేర్వేరు విలువలుండునట్లే ఇదియు. బరువులతో గుణించి కూడినది ఒక హద్దును దాటినచో ‘అవును’, లేకున్న ‘కాదు’. యంత్రము సరిగా చెప్పినచో బరువులు కదలవు. తప్పు చెప్పినచో, తప్పుదారి పట్టించినవారి బరువు తగ్గును. సరియైన వైపు మొగ్గినవారి బరువు పెరుగును. మార్క్ 1లో ఈ బరువులు విద్యున్నిరోధమును మార్చు పొటెన్షియోమీటర్లు. వానిని చిన్న మోటార్లు త్రిప్పును. యంత్రము నేర్చుకొనుచున్నప్పుడు ఆ నేర్పు కంటికి కనబడు కదలిక.

నౌకాదళమునకు ఇందులో ఆసక్తి ఎందుకు? ఆకాశము నుండి తీసిన ఛాయాచిత్రములు గుట్టలుగా పడుచుండెను. వానిని భూతద్దముతో వెదకు మనుష్యులు చాలరు. 1963 నుండి 1966 వరకు అమెరికా గూఢచారి శాఖకు చెందిన ఛాయాచిత్ర కేంద్రము ఈ పద్ధతిని తన పనికి మలచుకొన ప్రయత్నించెను. ఆశించినంత ఫలము రాలేదు. 1969లో మార్విన్ మిన్‌స్కీ, సీమోర్ పేపర్ట్ అనువారు ఒక గ్రంథము వ్రాసి, ఒకే పొర బరువులు గల యంత్రమునకు కొన్ని సులభముగ కనబడు భేదములు సైతము తెలియవని గణితముతో నిరూపించిరి. 1971లో తన 43వ పుట్టినరోజున రోజెన్‌బ్లాట్ పడవ ప్రమాదములో మరణించెను. పొరపై పొర పేర్చిన యంత్రములకు నేర్పు విధానము 1980లలో ప్రచారములోనికి వచ్చునాటికి ఆయన లేడు.

ఈ కాలమునకు చెందినదిగా ఒక కథ ఉపాధ్యాయులు నేటికిని చెప్పుచుందురు. సైన్యము ఒక యంత్రమునకు చెట్ల చాటున ట్యాంకులున్న చిత్రములను, లేని చిత్రములను చూపి నేర్పినదట. ప్రయోగశాలలో అది తప్పు లేకుండ చెప్పినదట. బయటికి తీసికొని పోగా ఏమియు చెప్పలేకపోయినదట. విచారింపగా, ట్యాంకులున్న చిత్రములన్నియు మబ్బుపట్టిన నాడు, లేనివన్నియు ఎండ కాసిన నాడు తీసినవట. యంత్రము నేర్చినది ట్యాంకును కాదు, వాతావరణమును. ఈ కథ నిజముగ జరిగినట్లు నమ్మదగిన ఆధారము ఏదియు బయటపడలేదు. చెప్పువారిని బట్టి వివరములు మారుచుండును. కథ కట్టుకథయే కావచ్చును గాని, అది హెచ్చరించు దోషము నిజమైనది. యంత్రమునకు ట్యాంకు అనగా ఏమో తెలియదు. చూపిన చిత్రములను రెండు రాసులుగా చీల్చుటకు చాలిన భేదము ఏది దొరికినను అది దానిని పట్టుకొనును.

వెయ్యి మాటల పందెము

ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు ముఖ్యముగ చెప్పవలసియున్నది. దబ్బాల రాజగోపాల్ రెడ్డి 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించిరి. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాకును, తరువాత అమెరికాకును పోయిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో 1966లో డాక్టరేటు పొంది, 1969లో పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి. లోకము వారిని రాజ్ రెడ్డియని ఎరుగును.

1971లో అమెరికా రక్షణశాఖకు చెందిన ‘ఆర్పా’ అను పరిశోధన సంస్థ ఐదేండ్ల పథకమొకటి ప్రారంభించెను. మనిషి తెరపి లేకుండ మాటలాడు వాక్యమును యంత్రము గ్రహింపవలెను. వెయ్యి మాటలు తెలిసియుండవలెను. తప్పులు నూటికి పదికి మించరాదు. రాజ్ రెడ్డి బృందము ‘హియర్సే’ మొదలగు యంత్రక్రమములను నిర్మించినది. 1976లో అదే విశ్వవిద్యాలయమున బ్రూస్ లోవర్ నిర్మించిన ‘హార్పీ’ 1,011 మాటలతో ఆ పరీక్షను నెగ్గినది. అయినను పథకము పొడిగింపబడలేదు. యంత్రము అతి నెమ్మదిగా పనిచేయును. మాటలాడువాడు నిర్ణయించిన వాక్యరీతిని తప్పరాదు. యుద్ధనౌకపై నాయకుడు వ్యాకరణము చూచుకొని ఆజ్ఞలివ్వడు గదా!

1980లలో రక్షణశాఖ మరల డబ్బిచ్చినప్పుడు ఒక క్రొత్త నియమము వచ్చినది. నౌకలను గూర్చిన ప్రశ్నల వాక్యములను అనేకులచే చదివించి నమోదు చేసిరి. పోటీదారులందరికి అభ్యాసమునకు ఒకే సామగ్రి. పరీక్షకు వేరు వాక్యములు. అవి ముందుగా ఎవరికిని చూపరు. లెక్కకట్టునది తటస్థమైన ప్రభుత్వ ప్రమాణముల సంస్థ. ఇది బడిలోని పరీక్ష వంటిదే: ప్రశ్నపత్రము ముందు తెలిసినవాని మార్కులకు విలువ లేదు. రాజ్ రెడ్డి మార్గదర్శకత్వమున కై-ఫు లీ 1988లో పూర్తిచేసిన ‘స్ఫింక్స్’, ముందుగా ఎరుగని మనిషి గొంతును సైతము గ్రహించి ఈ రంగమున పేరు గాంచెను. నేడు చేతిలోని టెలిఫోను మాట వినుచున్నదనిన, దాని వెనుక ఈ పరీక్షల పరంపర ఉన్నది. 1994లో రాజ్ రెడ్డికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ బహుమానము లభించెను. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును నెలకొల్పుటలోను వారు తోడ్పడిరి.

చిత్రమునకు పేరు పెట్టువారు

2017 ఏప్రిలులో అమెరికా రక్షణశాఖ ‘ప్రాజెక్ట్ మేవెన్’ అను పని ప్రారంభించెను. చాలకుడు లేని విమానములు, అనగా డ్రోన్లు, పంపు చలనచిత్రములను చూచుటకు మనుష్యులు చాలకపోవుటయే కారణము. పర్సెప్ట్రాన్ కాలపు సమస్య అరువదేండ్లకు మరల వచ్చినది. వాహనము, మనిషి మున్నగు 38 తరగతుల వస్తువులను యంత్రము గుర్తింపవలెను. ఇందుకు ముందుగా మనుష్యులు వేలాది చిత్రములలో ఒక్కొక్కదాని చుట్టు గీత గీసి, ఇది ఫలానాయని పేరు వ్రాయవలెను. ఇంజనీరు దినములో అధిక భాగము గణితమున కాక ఈ సేకరణలో, శోధనలో, తప్పు పేర్లను దిద్దుటలో గడచును. ఆ సంవత్సరాంతమున యంత్రమును పశ్చిమాసియాకు పంపగా, అచటి నేల, అచటి వెలుతురు నేర్చిన చిత్రములకు సరిపోక, కొలది దినములలోనే పలుమార్లు సవరింపవలసివచ్చెను. వీనర్ గోడమీది బిందువు నేర్పిన పాఠమే ఇది.

ఈ పనిలో పాలుపంచుకొనుచుండిన గూగుల్ సంస్థలోని ఉద్యోగులు 2018లో నిరసన తెలిపిరి. మూడువేలకు మించిన సంతకములతో ఒక జాబు సంస్థాధిపతికి చేరెను. ఆ జూనులో సంస్థ ఒప్పందమును పొడిగింపబోమని తెలిపి, ఆయుధముల కొరకు ఈ విద్యను వాడబోమని నియమము ప్రకటించెను. 2025 ఫిబ్రవరిలో ఆ నియమమును తొలగించెను. దేశరక్షణకు తోడ్పడుట పౌరధర్మమని నమ్మువారును, తన లెక్క ఎవరిమీదికి పోవునో తెలియక చేయరాదనువారును ఇంజనీర్లలో ఉన్నారు. ఇరువురును చరిత్రలో తమ పూర్వులను చూపగలరు. 1940 నాటి వీనర్ ఒకరికి, 1947 నాటి వీనర్ మరియొకరికి.

ఒక చిన్న లెక్క ఈ వివాదములోని కష్టమును తెలుపును. ఒక ప్రదేశమున 10,000 వాహనములు తిరుగుచున్నవనుకొందము. అందులో శత్రువులవి 100. యంత్రము ఏ వాహనమునైనను నూటికి 99 వంతులు సరిగా గుర్తించును. 100 శత్రు వాహనములలో 99 పట్టుబడును. తక్కిన 9,900 వాహనములలో నూటికి ఒకటి చొప్పున 99 నిర్దోషములు కూడ శత్రువులుగా లెక్కకు వచ్చును. మొత్తము 198 హెచ్చరికలలో సగము తప్పు! శత్రువుల వాహనములు పదియే అయినచో తప్పు హెచ్చరికలు నిజమైనవానికి సుమారు పదింతలగును. యంత్రము మారలేదు, లోకములో వెదకబడు వస్తువు అరుదైనది, అంతే. ‘నూటికి 99’ అను మాట విని గుండు పేల్చువాడు ఈ లెక్క ఎరుగవలెను. ఎరిగించవలసినవాడు ఇంజనీరు.

అమెరికా రక్షణశాఖ 2012లో, మరల 2023లో వెలువరించిన ఆదేశములు, బలప్రయోగమున మనుష్యుని తగిన వివేచన ఉండితీరవలెనని చెప్పినవి. యంత్రము ఏల అట్లు చెప్పినదో వెదకి చూచుటకు వీలుండవలెనని, దారి తప్పినప్పుడు ఆపుటకు వీలుండవలెనని 2020లో సూత్రములు చేసిరి.

మన దేశములో

స్వతంత్ర భారత రక్షణశాఖకు 1948లో తొలి శాస్త్ర సలహాదారుడైనవారు భౌతికశాస్త్రజ్ఞుడు దౌలత్ సింగ్ కొఠారీ. 1958లో రక్షణ పరిశోధన–అభివృద్ధి సంస్థ ఏర్పడెను. 1960ల తొలినాళ్ల నుండి హైదరాబాదు దాని ముఖ్య స్థానములలో ఒకటి. క్షిపణులకు ఒక ప్రయోగశాల, శత్రువుల రాడారు సంకేతముల విచారణకు మరియొకటి ఇచట వెలసినవి. 1986లో బెంగుళూరులో కృత్రిమ మేధకు ప్రత్యేక కేంద్రము స్థాపింపబడెను. 2018లో ఎన్. చంద్రశేఖరన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము నివేదిక ఇయ్యగా, 2019లో రక్షణశాఖలో ఇందుకొక మండలి ఏర్పడెను. 2022 జులైలో సరిహద్దు కావలి మొదలు భాషానువాదము వరకు 75 వస్తువులను ప్రదర్శించిరి. ఇట్టి యంత్రములను ఎంతవరకు నమ్మవచ్చునో పరీక్షించు పద్ధతిని 2024లో ప్రకటించిరి.

ఈ రంగమున నేడు తెలుగునాటి యువకులు, యువతులు అనేకులు పనిచేయుచున్నారు. వారి పనిముట్లు వీనర్ ఎరిగినవి కావు. మార్క్ 1లోని 512 ఘటకముల చోట నేటి యంత్రములలో బరువులు కోట్లలో ఉన్నవి. కాని బల్లముందు కూర్చున్న ఇంజనీరు వేసికొనవలసిన ప్రశ్నలు మారలేదు. ఈ ఉదాహరణములు ఎచట నుండి వచ్చినవి? ఇందులో లేనిది ఏది? పరీక్షకు వాడిన చిత్రములను యంత్రము మునుపే చూచినదా? శత్రువు తన అలవాటు మార్చుకొన్న నాడు ఏమగును? తప్పు హెచ్చరిక వచ్చినప్పుడు దానిని కాదనుటకు ఎవరికి అధికారము, ఎన్ని క్షణముల వ్యవధి?

ఈ ప్రశ్నలకు ఉన్నత పాఠశాలలోని సంభావ్యత పాఠము చాలినంత పునాది. పై లెక్కలో శత్రువుల వాహనముల సంఖ్యను 1,000గాను, 10గాను, ఒకటిగాను మార్చి, హెచ్చరికలలో నిజమైనవి ఎన్ని వంతులో విద్యార్థులచే పట్టిక వేయించవచ్చును. ఆ పట్టిక చివరి వరుసను స్వయముగ లెక్కించిన విద్యార్థి, రేపు ఇంజనీరైనను, సైనికుడైనను, ఓటరైనను, యంత్రము చెప్పినదని ఒక్క మాటతో ఊరకుండడు.